పేరు చెరిగిన కార్డు

టార్బెట్ ఊరికి పోస్టు బండి పదింటికి వస్తుంది. అమెరికా నడిమధ్యనున్న నెబ్రాస్కాలో గాలి ఆగిపోయిన రోజైనా ఉంటుందేమో గానీ ఆ బండి రాని రోజు ఉండదు. పది కావస్తుండగా లిబ్బీ వోండ్రాచెక్ ఆఫీసు మెట్ల మీదికొచ్చి, చేతులు రెండూ స్వెట్టరు జేబుల్లో దాచుకుని, ఆ తెల్లబండి మొక్కజొన్న గోదాము దగ్గర మలుపు తిరగడం చూస్తూ నిలబడుతుంది. సముద్రం ఎప్పుడూ చూడని పిల్ల. అందుకేనేమో, దూరం నుంచి వచ్చేది ఏదైనా ఆమె కళ్ళకి ఓడలాగే కనిపిస్తుంది.

అది యూనివర్సిటీలో విదేశీ చదువుల ఆఫీసు. పరాయి దేశంలో ఒక సెమిస్టరు చదివి రావాలనుకునే పిల్లలు అక్కడే దరఖాస్తు పెట్టుకుంటారు. వెళ్ళిన ప్రతివాళ్ళూ అక్కణ్ణించి ఒక పోస్టుకార్డు రాసి తీరాలి. పరీక్ష తప్పినా ఊరుకుంటారు గానీ కార్డు రాయకపోతే వెర్నా గారు ఊరుకోరు. వెర్నా గట్షో ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆఫీసు గుమాస్తా. ప్రొఫెసర్లు మారారు, కుర్చీలు మారాయి, ఆవిడా ఆవిడ కాఫీ కప్పూ మారలేదు.

ఆ కార్డులు పిల్లలు బయల్దేరకముందే వచ్చేస్తాయి. ఆగస్టులో వెళ్ళబోయేవాళ్ళ కార్డులు ఆ ముందు ఫిబ్రవరిలోనే దిగుతాయి, ఎప్పుడైనా ఒకటి ఇంకా ముందే. కొత్తగా చేరిన ప్రొఫెసరెవరైనా ఇదేమిటని అడిగితే, "మన ఊరి పోస్టాఫీసు మొదట్నించీ కాస్త చురుకు" అంటారు వెర్నా గారు. ఆయన తలూపి తన గదికి వెళ్ళిపోతాడు.

వచ్చిన కార్డులు పెట్టడానికి గోడకి చెక్క అరలున్నాయి. ఎప్పుడో విత్తనాల కొట్టు ఎత్తేసినప్పుడు వాళ్ళిచ్చినవి. అరల మీద ఇంకా పాత పేర్లే ఉన్నాయి, సోయా, గోధుమ, ఓట్సు అని. లిబ్బీ స్నేహితురాలు బ్రిన్‌ది సోయా అర. లిబ్బీది పొద్దుతిరుగుడు. ఫిబ్రవరి మొత్తం అటూ ఇటూ పరుగులు పెట్టే పిల్లలు ఆ గోడ ముందు ఒక్క క్షణం ఆగి, తమ అర చూసుకుని, చల్లగా నవ్వుకుని పోతుంటారు.

ఆఫీసులో పార్టుటైము పనిలో ఉండి కార్డులన్నీ అరల్లో సర్దేది లిబ్బీయే. మార్చి రెండో వారం వచ్చింది. పొద్దుతిరుగుడు అర మాత్రం ఖాళీగానే ఉంది.

"నీ కార్డు వచ్చిందా?" అడిగింది బ్రిన్, బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటూ. చిన్నప్పట్నించీ ఇద్దరిదీ ఒకే జట్టు. ఇద్దరూ స్పెయిన్‌లో సెవీయా నగరానికి దరఖాస్తు పెట్టారు. నిజానికి బ్రిన్ పెట్టింది, బ్రిన్ పెట్టింది కదా అని లిబ్బీ పెట్టింది.

"రాలేదు."

"వస్తుందిలేవే. నువ్వు ప్రతిదీ చివరి రోజు దాకా నాన్చే రకానివి. కార్డు కూడా నీలాగే ఉంటుంది."

"మరి నీ కార్డులో నా పేరెందుకు లేదే?"

బ్రిన్ సోయా అర కేసి చూసింది. ఆ కార్డు ఇద్దరికీ కంఠతా వచ్చు. *ఇక్కడ ఎండ అదిరిపోతోంది. నేనూ, కేలా, మేగనూ, టోరీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. నలుగురిదీ నెబ్రాస్కానే, హాయిగా ఉంది. నిన్న మన ఫుట్‌బాల్ మ్యాచ్ కంప్యూటర్లో చూశాం. స్పానిష్ ఇంకా పెద్దగా రాలేదు, అవసరమూ పడలేదు.*

"రాయడం మర్చిపోయి ఉంటాను" అంది బ్రిన్ చివరికి. "నువ్వు పక్కనే కూర్చుని ఉంటావు కదా, పక్కనున్నదాని పేరెవరు రాస్తారు?"

లిబ్బీ నవ్వింది గానీ ఆ నవ్వు ముఖం దాటి లోపలికి పోలేదు. కిందటేడు కర్టిస్ అనే కుర్రాడికి కార్డు రాలేదు. పట్టించుకోకుండా పెట్టె సర్దుకున్నాడు. బయల్దేరే ముందురోజు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కార్డు రాకుండా విమానమెక్కినవాళ్ళు ఆ ఆఫీసు చరిత్రలో లేరు.

లిబ్బీకి మరో ఏడాది ఉంటే ఇంత బెంగ ఉండేది కాదు. ఆమె చదువుతున్నది బడిపంతులు చదువు. ఆఖరి ఏడంతా ఏదో ఒక బళ్ళో శిక్షణ, కదలడానికి ఉండదు. ఆ తర్వాత ఉద్యోగం. వెళ్తే ఈ ఆగస్టులో వెళ్ళాలి, లేకపోతే లేదు. వాళ్ళమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. "మన ఇంట్లో సముద్రం దాటి వెళ్ళొచ్చింది మీ తాత ఒక్కడే, అదీ యుద్ధానికి" అంటుంటుంది. "నువ్వైనా ఊరికే వెళ్ళిరా తల్లీ, ఎవరితోనూ కొట్లాట లేకుండా."

ఎక్కడికి వెళ్ళేదీ ఖాయం చేస్తూ శుక్రవారం మధ్యాహ్నానికల్లా కాగితం మీద సంతకం పెట్టాలి.

గురువారం పొద్దున వెర్నా గారు ఒక మెయిలు చూపించి, "దీనికి జవాబు కొట్టు లిబ్బీ" అన్నారు. "పాత జవాబే ఉంటుంది, తేదీ మార్చి పంపించెయ్."

మెయిలు చిలీ దేశం నుంచి వచ్చింది. దక్షిణాన వాల్దీవియా అనే ఊరు. ఇసిదోరా అనే అమ్మాయి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఎంతో జాగ్రత్తగా రాసింది. *గౌరవనీయులైన మేడం, మీ విశ్వవిద్యాలయానికి రావాలని ఇది నా మూడో ప్రయత్నం. ఈ ఏడు మీ వైపు నుంచి ఎవరైనా మా ఊరు వస్తున్నారా? నేను రైతు బిడ్డను. మీ దగ్గర మట్టి శాస్త్రం చదవాలని ఉంది. మీ మట్టి నల్లగా ఉంటుందని విన్నాను.*

"వాళ్ళ దగ్గర్నించి రావడానికి మనవాళ్ళు వెళ్ళడం దేనికి?" అడిగింది లిబ్బీ.

"అది బదులు ఒప్పందం అమ్మాయ్. కుర్చీకి కుర్చీ. ఇక్కణ్ణించి ఒకరు లేచి వెళ్తేనే ఆ కుర్చీలోకి అక్కణ్ణించి ఒకరు వస్తారు. ఒకరు కట్టిన ఫీజు ఇంకొకరికి చెల్లు. మనవాళ్ళేమో మూడేళ్ళుగా అందరూ సెవీయా, సెవీయా అంటున్నారు. వాల్దీవియాలో వానలట, చలట. ఎవడూ వెళ్ళడు. ఈ శుక్రవారంతో ఆ ఒప్పందం గడువు కూడా అయిపోతుంది. ఇంక ఆ పిల్ల నాలుగోసారి రాయక్కర్లేదు."

లిబ్బీ పాత జవాబు తెరిచింది. *చింతిస్తున్నాము* అని మొదలవుతుంది. కిందటేడు పంపింది కూడా తనే. అప్పుడు తేదీ మార్చి నొక్కేసింది, అంతే. ఇవాళ వేలు మీట మీదే ఆగిపోయింది. మీ మట్టి నల్లగా ఉంటుందని విన్నాను. ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్న మట్టి. దాని గురించి ప్రపంచానికి అవతల ఎవరో విన్నారని, వినడమే కాదు, దానికోసం మూడేళ్ళుగా తలుపు తడుతున్నారని ఆమెకి తట్టనేలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. దున్నిన చేను మంచు కరిగి మెరుస్తోంది. నల్లగానే ఉంది. అందంగా ఉంది కూడా.

"వెర్నా గారూ, వాల్దీవియా నుంచి కార్డులేమైనా ఉన్నాయా?"

వెర్నా గారు సొరుగులోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశారు. అందులో ఒకటే కార్డు. మూడేళ్ళ కిందట వచ్చిందట. వానలో తడిసి సంతకం చెరిగిపోయింది. పోస్టు ముద్ర మీద తేదీ కూడా మిగల్లేదు. వాల్దీవియా వెళ్ళిన ఆఖరి కుర్రాడు వెండెల్‌ని అడిగితే, నాది కాదు, నాకు ఇంత అందంగా రాయడం రాదన్నాడట. అరలో పెట్టడానికి పేరు లేక, పారెయ్యడానికి మనసు రాక ఆవిడ దాచారు.

లిబ్బీ కార్డు అటూ ఇటూ తిప్పింది. గొలుసుకట్టు రాత. ఒక అక్షరం చెయ్యి ఇంకో అక్షరం పట్టుకుని వరసగా నడుస్తున్నట్టుంది. ఆమెకి చదవడం రాలేదు. ఆమె తరంవాళ్ళకి బళ్ళో ఆ రాత నేర్పడం మానేశారు.

"ఏదో ముసలావిడ రాసినట్టుందండీ. నాకు అర్థం కావట్లేదు."

"నాకు అక్షరాలు తెలుసు గానీ స్పానిష్ రాదు. నువ్వు స్పానిష్ చదివావుగా. నేను చదువుతాను, నువ్వు చెప్పు."

అలా ఇద్దరూ ఒక బల్ల దగ్గర చేరారు. వెర్నా గారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, అర్థం తెలియని మాటల్ని కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే పలికారు. లిబ్బీ కళ్ళు మూసుకుని వింటూ ఒక్కొక్కదానికీ అర్థం చెప్పింది. వెర్నా గారి నోట్లో ఆ భాష నానబెట్టిన గోధుమల్లా ఉబ్బి వచ్చేది. అయినా మాట పోలిక తెలిసేది.

*ఇక్కడ వాన. నిన్న వాన, మొన్న వాన. చేపల బజారు వెనక సముద్ర సింహాలు చేప తలకాయల కోసం కూర్చుంటాయి, మన కాఫీ కొట్టు ముందు ముసలాళ్ళు కూర్చున్నట్టే. నేనిక్కడ ఎవరికీ ఏమీ నేర్పడం లేదు. నాతోనే అక్షరాలు దిద్దిస్తున్నారు. వాన పడితే గుమ్మడికాయ అప్పాలు వేస్తారు. నేను తప్పు మాట్లాడితే నవ్వుతారు, నవ్వి ఇంకో అప్పం వేస్తారు. నేను రాకపోయి ఉంటే*

ఆ తర్వాతంతా నీలంగా అలుక్కుపోయింది.

"రాకపోయి ఉంటే?" అంది లిబ్బీ.

"అంతే. మిగతాది వాన తాగేసింది."

లిబ్బీ చాలాసేపు ఆ నీలం మరక కేసి చూస్తూ కూర్చుంది. సముద్రం ఇలాగే ఉంటుందేమో అనిపించింది. పేరు తెలియని ఆ మనిషి మీద ఆమెకి చెప్పలేనంత ప్రేమ కలిగింది. యూనివర్సిటీ చదువుకొచ్చి అక్షరాలు దిద్దడమేమిటో, దాన్ని కార్డు మీద ఇంత సంబరంగా చెప్పుకోవడమేమిటో.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకుండా కూర్చుని వాల్దీవియాకి దరఖాస్తు రాసింది. ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావు అన్న ప్రశ్న కింద, *అక్కడి బీద పిల్లలకి చదువు చెప్పి వారి జీవితాల్లో వెలుగు నింపడానికి* అని రాసింది. ఆ ఆఫీసుకొచ్చే దరఖాస్తుల్లో ముప్పాతిక వంతు ఇదే వాక్యం ఉంటుంది. అందుకే అదే గుర్తొచ్చింది.

వెర్నా గారు చదివి కాగితం వెనక్కి తోశారు. "నువ్వు వచ్చేదాకా వాళ్ళు బళ్ళు మూసుకుని చీకట్లో కూర్చున్నారా?"

లిబ్బీ చెవులు ఎర్రబడ్డాయి. కొట్టేసింది. కాసేపు పెన్ను కొరికి, *నాకు తెలియదు కాబట్టి* అని మూడే మాటలు రాసింది.

"ఇది నయం" అన్నారు వెర్నా గారు. "కానీ ఒక మాట అడుగుతాను. సెవీయా వదులుకుంటే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. వాల్దీవియా నుంచి నీ పేరుతో కార్డు లేదు. రెండూ లేకుండా పోతాయేమో చూసుకున్నావా?"

"చూసుకున్నానండీ."

"భయం లేదూ?"

"ఉంది. పొద్దున్నించీ ఉంది. కానీ అది పెద్దగా అడ్డం రావట్లేదు."

వెర్నా గారు లేచి తన కాఫీ కప్పు కడుక్కుని, మొదటిసారి అందులో లిబ్బీకి కాఫీ పోసిచ్చారు.

శుక్రవారం పదకొండింటికి బ్రిన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. ఊపిరి అందుకోవడానికి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఒసే, నీకు మతి పోయిందా? కార్డు లేకుండా ఎలా వెళ్తావే?"

"వెళ్ళాక రాస్తాను."

"కార్డు వచ్చినవాళ్ళే వెళ్తారు."

"కాదే, వెళ్ళినవాళ్ళే కార్డు రాస్తారు. మనం ఇన్నాళ్ళూ తిరగేసి పట్టుకున్నాం."

బ్రిన్ బెంచీ మీద కూలబడింది. "నా పక్కన ఎవరు కూర్చుంటారు మరి?"

"టోరీ కూర్చుంటుంది. నీ కార్డులో ఉందిగా." లిబ్బీ వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది. "ఒక పని చెయ్యవే. ఆ నలుగురూ ఉన్న ఇంట్లోంచి రోజుకి ఒక్క గంటైనా బయటికి పో. నెబ్రాస్కా నెబ్రాస్కాలోనే ఉంటుంది, ఎటూ పోదు."

"అప్పుడే పంతులమ్మవైపోయావు" అంది బ్రిన్ ముక్కు తుడుచుకుంటూ. కానీ సంతకం పెడుతున్నప్పుడు కాగితం గాలికి ఎగరకుండా పట్టుకున్నది తనే.

పన్నెండు కావడానికి పది నిమిషాలుందనగా లిబ్బీ ఇసిదోరాకి జవాబు కొట్టింది. చింతిస్తున్నాము అన్నది మొత్తం చెరిపేసి ఇలా రాసింది. *వస్తున్నారు. నేను వస్తున్నాను. మా మట్టి నల్లగానే ఉంటుంది. మందపాటి కోటు తెచ్చుకో.*

ఆగస్టు మొదట్లో బయల్దేరేదాకా పొద్దుతిరుగుడు అర ఖాళీగానే ఉంది. అయినా ఆ అమ్మాయి మెట్ల మీంచి పడలేదు. జ్వరం రాలేదు. విమానం తప్పలేదు.

వాల్దీవియా కార్డులో చెప్పినట్టే ఉంది. చెప్పనివి కూడా చాలా ఉన్నాయి. తడిసిన కట్టెలు పొయ్యిలో చిటపటలాడే శబ్దం, నది మీద పొద్దున్నే లేచే పొగ, మాటల చివరి అక్షరాలు మింగేసి మాట్లాడే మనుషులు. లిబ్బీకి మొదటి నెల సగం మాటలు అర్థం కాలేదు. మిగతా సగం తప్పుగా అర్థమయ్యాయి. ఉప్పు తెమ్మంటే గొడుగు తెచ్చింది. ఆమె ఉన్న ఇంటావిడ పేరు ఒర్తెన్సియా. ముప్ఫై ఐదేళ్ళు ఒకటో తరగతి పిల్లలకి చదువు చెప్పి రిటైరైన మనిషి. అక్కడ పిల్లలు పెద్దావిడల్ని అత్త అనే పిలుస్తారు. లిబ్బీ కూడా అత్తా అనే పిలిచేది.

ఒకరోజు లిబ్బీ బజారు చీటీ రాస్తుంటే అత్త వెనక నుంచి తొంగి చూసింది.

"ఏమిటా రాత? అక్షరాలన్నీ ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నట్టు విడివిడిగా నిలబడ్డాయి?"

"మా దగ్గర ఇలాగే రాస్తారత్తా."

"మీ దగ్గర ఎలాగైనా రాసుకో. నా ఇంట్లో ఒకటో తరగతి పిల్లాడు కూడా ఇలా రాయడు. కూర్చో."

రూళ్ళ పుస్తకం కొనిపించింది. రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని గుండ్రాలు చుట్టించింది. ఇరవై ఏళ్ళ పిల్ల నాలిక బయటపెట్టి దిద్దుతుంటే పొరుగింటి పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వేవాళ్ళు. లిబ్బీ కూడా నవ్వేది. టార్బెట్ నుంచి ఇసిదోరా మెయిలు పెట్టేది, *మీ ఊరి చేలో గుంట తవ్వాను. మూరెడు లోతుకి కూడా నలుపే. మా నాన్నకి ఫొటో పంపాను, నమ్మలేదు* అని.

అక్టోబరు మొదటి వారంలో, ఆదివారం మధ్యాహ్నం, జోరున వాన. అత్త గుమ్మడికాయ గుజ్జు కలిపిన పిండిని గుండ్రంగా ఒత్తి నూనెలో వేస్తోంది. ఇల్లంతా వాసన. రెండు నెలలు నిండాయి, ఇంక కార్డు రాయాలి. లిబ్బీ బల్ల ముందు కూర్చుని సిరా పెన్ను తీసింది. స్పానిష్‌లోనే రాద్దామనుకుంది, అత్త నేర్పిన గొలుసుకట్టు రాతలోనే.

ఇక్కడ వాన, అని మొదలుపెట్టింది. నిన్న వాన, మొన్న వాన. చేపల బజారు వెనక సముద్ర సింహాలు.

అక్కడ చెయ్యి ఆగింది.

ఎదురుగా తన చేతి కింద అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయి. వెర్నా గారు కళ్ళజోడు జార్చుకుని చదివిన గొంతు చెవిలో వినిపించింది. బిస్కెట్ల డబ్బా వాసన వచ్చింది. లిబ్బీ తర్వాత ఎంతో ప్రశాంతంగా, పాట తెలిసినవాళ్ళు పాడినట్టు, మిగతాది రాసుకుంటూ పోయింది. అక్షరాలు దిద్దడం, అప్పాలు, నవ్వులు. నేను రాకపోయి ఉంటే, దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాతి మాటలు ఎవరికీ తెలియవు. అవి తనే రాయాలి.

*నేను రాకపోయి ఉంటే ఇసిదోరాకి మన మట్టి దొరికేది కాదు, నాకు నా చేతిరాత దొరికేది కాదు.*

కింద సంతకం చేసింది. లిబ్బీ వోండ్రాచెక్. జీవితంలో మొదటిసారి అది సంతకంలా ఉంది.

చూసుకుని మురిసింది. అప్పుడు తట్టింది. ఈ పేరు ఇలాగే ఉంటే ఈ కార్డు మూడేళ్ళ వెనక్కి వెళ్ళి చేరిన రోజునే వెర్నా గారు దాచిపెట్టి, ఆ పేరుగల అమ్మాయి రాగానే అరలో పెడతారు. అక్కడి పిల్ల దాన్ని చూసుకుని, బస్సు నంబరు చూసి బస్సెక్కినట్టు ఇక్కడికి వచ్చేస్తుంది. ఇసిదోరా మెయిలు ముందు వేలు ఆగదు. భయంతో కాగితం మీద మూడు మాటలు రాయదు. వెళ్ళాక రాస్తానని బ్రిన్‌తో అనదు.

లిబ్బీ లేచి కిటికీ తలుపు తీసింది. కార్డు కింది అంచు వానలోకి చాపింది. చినుకులు టపటపా పడ్డాయి. ఆఖరి వాక్యం సగంలోంచి సిరా కదిలింది. సంతకం నీలంగా విచ్చుకుని, మెల్లగా ఒక చిన్న సముద్రమైపోయింది.

అత్త చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగింది. "పిచ్చిపిల్లా, నీ పేరు తడిసిపోతోంది చూసుకో."

"తడవనీ అత్తా" అంది లిబ్బీ. "ఆ పేరుగల పిల్ల ఎలాగూ వస్తుంది."

అత్త ఆమె ముఖం కేసి ఒకసారి చూసి, పళ్ళెంలో ఇంకో అప్పం వేసింది.